కరీబియన్ కథల్లో మాట పెగలని పిల్లలు

ఇది పరిశోధన వ్యాసం కాదు. కరీబియన్ సాహిత్యంలో నాకు పాండిత్యమూ లేదు. ముప్పై అయిదేళ్లపాటు హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈమధ్య చదివిన కొన్ని కథలు నా ఉద్యోగాన్ని గురించే నన్ను కొన్ని ప్రశ్నలడిగాయి గనక రాస్తున్నాను.

మా ఊళ్లో కొందరు విద్యార్థులూ, ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులూ కలిసి ఆదివారాలు ఏదో ఒకటి చదువుకుంటాం. ఆఫ్రికా కథలు చదివాం, లాటిన్ అమెరికా నవలలు చదివాం, వెస్టిండీసును మాత్రం క్రికెట్ ద్వారా తప్ప ఎరగమని ఎవరో అంటే, కిందటేడు ఆ దీవుల కథలు మొదలుపెట్టాం. నాలుగో వారమో అయిదో వారమో, పాలమూరునించి వచ్చి ఇక్కడ ఎం.ఏ. చదువుతున్న ఒక అమ్మాయి అడిగింది: "మాస్టారూ, ఈ కథలన్నిట్లోనూ పిల్లలున్నారు. ఒక్కరు కూడా తాము చెప్పదలుచుకున్నది చెప్పలేకపోతున్నారు. ఎందుకంటారు?"

నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఉపాధ్యాయుడి దగ్గర ఎప్పుడూ ఉంటుంది. వలసపాలన, అన్నాను. ఇంట్లో ఒక భాష, బళ్లో దొరల భాష, ఈ రెంటి మధ్యా పిల్లవాడి నోరు కట్టుబడిపోయిందన్నాను. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "కిన్‌కేడ్ కథలో పిల్లను మాట్లాడనివ్వంది దొర కాదు గదండీ, వాళ్లమ్మే గదా?" అన్నది. ఆ పూట ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఈ వ్యాసం ఆమెకు నేను బాకీపడ్డ జవాబు.

నేను మొదట చెప్పింది అబద్ధమేమీ కాదు. ఆ దీవుల్లో భాషలు పుట్టిన తీరే వేరు. చెరకు తోటల్లో పనికి ఆఫ్రికానించి పట్టుకొచ్చిన మనుషులది ఒక భాష కాదు, అనేక భాషలు. తోట యజమానిది ఇంగ్లీషో ఫ్రెంచో. ఆ రాపిడిలోనించి బానిసలు తమకోసం తయారుచేసుకున్నవి క్రియోల్ భాషలు. వాటికి వ్యాకరణముంది, సామెతలున్నాయి, పాటలున్నాయి. బళ్లో చోటు మాత్రం లేకపోయింది. హైతీ 1804లోనే ఫ్రెంచివాళ్లను వెళ్లగొట్టి స్వతంత్రమైంది. అయినా అక్కడి బళ్లలో క్రియోల్‌ను బోధనభాషగా అనుమతిస్తూ చట్టం వచ్చింది 1979లో. ఫ్రెంచితో సమానంగా అధికారభాష అయింది 1987 రాజ్యాంగంలో. దొరలు పోయిన నూట డెబ్బయి అయిదేళ్లదాకా దొరల భాషే బళ్లో కూర్చున్నదన్నమాట. బార్బడోస్ కవి కమౌ బ్రాత్‌వైట్ 1984లో అచ్చయిన తన ఉపన్యాసంలో ఒక సంగతి చెప్పాడు. మంచు అనేది ఎన్నడూ కురవని ఆ దీవుల్లో పిల్లలు వ్యాసం రాయమంటే చెరకు తోటలమీద మంచు కురిపించారట. చదివిన పద్యాల్లో కురుస్తుంది గనక. ఏటా తమ నెత్తిన విరుచుకుపడే తుఫానును గురించి రాయటానికి మాత్రం వాళ్లకు మాటలు చాలవు.

సందర్భం వచ్చింది గనక మరో మాట. బానిసత్వం రద్దయాక ఆ తోటల్లోకి ఒప్పందపు కూలీలుగా వెళ్లినవాళ్లు మనదేశంవాళ్లు. 1838లో మొదలై 1917లో ఆగిన ఆ వలసలో, మద్రాసు రేవున ఓడెక్కినవాళ్లలో తెలుగువాళ్లు కూడా ఉన్నారు. ట్రినిడాడ్‌లో భారతీయులకు భోజ్‌పురి ఉమ్మడి భాష అయింది, తెలుగు నిలవలేదు. ఆ కూలీల సంతతిని గురించి శామ్ సెల్వన్ రాసిన 'కేన్ ఈజ్ బిటర్' కథలో, పట్నంలో చదువుకుంటున్న రొమేష్ సెలవులకు ఇంటికొస్తాడు. తలిదండ్రులు అతనికి పెళ్లి కుదిర్చి ఉంచుతారు. తన చదువు తనను ఏంచేసిందో వాళ్లకు చెప్పలేకపోతాడు. గొప్ప కథే. కాని రొమేష్ పసివాడు కాదు. అతన్ని ఇక్కడ వదిలేస్తాను.

జమైకా రచయిత్రి ఆలివ్ సీనియర్ 'సమ్మర్ లైట్నింగ్' అనే సంపుటి 1986లో వచ్చింది. మరుసటి ఏడు కామన్వెల్త్ రచయితల బహుమతి మొట్టమొదటిసారి ఇచ్చినప్పుడు దానికే వచ్చింది. అందులో 'బాలడ్' అని ఒక పెద్దకథ ఉంది. మరిచిపోలేని వ్యక్తిని గురించి వ్యాసం రాయమంటారు టీచరు. పల్లెటూరి పిల్ల మిస్ రిల్లా అనే ఆవిణ్ణి గురించి మూడు పేజీలు రాస్తుంది. వ్యాసం రాయదగిన మనిషి కాదావిడ అని టీచరు ఆ కాగితాలు చింపేస్తారు. మిస్ రిల్లా అప్పటికే చచ్చిపోయింది. మగవాళ్ల విషయంలో ఆవిడకు ఊళ్లో మంచిపేరు లేదు, పిల్లలు లేరు, పైగా నలుగురిలో గట్టిగా నవ్వుతుంది. ఈ పిల్లను దగ్గరికి తీసింది మాత్రం ఆవిడే. టీచరు కాగితాలు చింపినప్పుడు, మిస్ రిల్లా పోయిన రోజున ఎలా ఉన్నదో అలాగే ఉన్నదంటుంది పిల్ల. అంటే ఆవిణ్ణి రెండోసారి చంపారు.

చింపేసిన ఆ మూడు పేజీలను రచయిత్రి మనకు చూపించదు. అవి బడి ఇంగ్లీషులో రాయబోయినవై ఉంటాయి. మనం చదివేది ఆ తరవాత ఆ పిల్ల తన సొంత మాటలో, జమైకా పల్లె మాటలో, ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోయిన కథ. మూడు పేజీలు కాదు, దానికి ఎన్నో రెట్లు. ఇక్కడ విమర్శకుడు తొందరపడి, "చూశారా, బడిభాష వదిలిపెట్టగానే పిల్ల నోరు విచ్చుకుంది" అనెయ్యవచ్చు. నేనూ మొదటిసారి అలాగే అన్నాను. మళ్లీ చదివాక ఆ మాట నిలవలేదు. టీచరు చింపింది భాష బాగాలేదని కాదు, మనిషి బాగాలేదని. ఆ పిల్ల తప్పులేని ఇంగ్లీషులో రాసినా చింపేవారే. బడి రెండు తలుపులు వేస్తుంది: ఎలా చెప్పాలనేది ఒకటి, ఎవర్ని గురించి చెప్పవచ్చుననేది రెండోది. మన అభ్యుదయవాదులం మొదటి తలుపు మీద చాలాకాలం పోట్లాడాం. రెండోదాని గడియ మనలో చాలామంది చేతుల్లోనే ఉంది.

మరొకటి. ఆ పిల్ల తన కథ ఎవరికి చెబుతున్నది? కథలో వినేవాళ్లెవరూ లేరు. ఇంట్లోవాళ్లు వినరు, చర్చివాళ్లు వినరు, టీచరు సంగతి తెలిసిందే. నోరు విచ్చుకున్నమాట నిజమే. విన్నది మాత్రం ఎక్కడో పుస్తకం కొనుక్కున్న పాఠకుడు.

'బాలడ్' చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదంటే అతిశయోక్తి అవుతుంది. పట్టింది. తెల్లవారి లేచాక ఒక కుర్రవాడు జ్ఞాపకం వచ్చాడు.

1983లో నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక హైస్కూల్లో ఉన్నాను. మాది గుంటూరు వైపు. ఎనిమిదో తరగతికి 'మా నాన్న' అని వ్యాసమిచ్చాను. ఒక కుర్రవాడు అయిదారు వాక్యాలే రాశాడు. ఆఖరి వాక్యం, "మా అయ్య బేగి ఎల్లిపోనాడు." నేను 'బేగి' కొట్టేసి 'త్వరగా' అనీ, 'ఎల్లిపోనాడు' కొట్టేసి 'వెళ్లిపోయాడు' అనీ ఎర్రసిరాతో పైన రాశాను. అంతటితో ఊరుకోలేదు. తరగతిలో ఆ వాక్యాన్ని పైకి చదివి, "అంత త్వరగా ఎక్కడికి వెళ్లాడురా మీ నాన్న?" అన్నాను. పిల్లలు నవ్వారు. వాడు తలవంచుకు నిలబడ్డాడు. చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్ల పిల్లలు వచ్చే బడి అది. వాళ్ల ఊరి కుర్రాడొకడు నాలుగు రోజుల తరవాత వరండాలో నా వెనకే వచ్చి చెప్పాడు, వాళ్లయ్య ఆ వేసవిలోనే చచ్చిపోయాడని.

వాడికి మాట రాక కాదు. వాడు చెప్పాడు. కాగితం మీద సిరాతో రాసి చెప్పాడు. నేను ఒక క్రియావిశేషణాన్నీ, ఒక క్రియనూ దిద్దాను. ఇదంతా జరిగింది గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లాలో. సవర నేర్చుకుని సవర పిల్లలకు వాచకాలు తయారుచేసిన మనిషాయన. ఆ ఏడు ఆగస్టులో ఆయన జయంతికి వ్యావహారిక భాషావాదం మీద ఉపన్యాసమిచ్చింది నేనే. వ్యావహారికమంటే నా వ్యావహారికమేనని నాలో ఎక్కడో స్థిరపడి ఉండాలి. ఆ కుర్రవాడికి క్షమాపణ చెప్పానా అంటే, లేదు. ఎలా మొదలుపెట్టాలో నాకు మాట దొరకలేదు. ఆ తరవాత వాడు రాసిన వ్యాసాల్లో తప్పులు తగ్గుతూ వచ్చాయి. వాటిలో చెప్పిందీ ఏమీ లేదు. మార్కులు బాగానే వేశాను.

ఇక కిన్‌కేడ్. జమైకా కిన్‌కేడ్ అనేది రచయిత్రి పేరు; ఆమెది జమైకా కాదు, ఆంటిగువా. 'గర్ల్' అనే ఆ కథ 1978లో 'న్యూయార్కర్' పత్రికలో వచ్చింది, 1983లో ఆమె మొదటి పుస్తకంలో చేరింది. కథంతా ఒకే వాక్యం, రెండు పేజీలకు మించదు. తల్లి కూతురికి చెబుతూ పోతుంది: బట్టలు ఎలా ఉతకాలి, బొత్తాం ఎలా కుట్టాలి, ఇల్లు ఎలా ఊడవాలి, ఎవరిని చూసి ఎలా నవ్వాలి, చెడిపోయినదానిలా నడవకుండా ఎలా నడవాలి. కూతురు నోరు విప్పేది రెండే రెండుసార్లు. ఆదివారం బళ్లో బెన్నా పాడకు అంటుంది తల్లి. బెన్నా అంటే ఆంటిగువా జనం పాడుకునే పాట, గుళ్లో పనికిరాదు. నేనక్కడ ఎప్పుడూ పాడలేదని కూతురు అంటుంది. ఎప్పుడంటుంది? తల్లి ఆ సంగతి దాటిపోయి, రేవు కుర్రాళ్లతో మాట్లాడకు, వీధిలో పండ్లు తినకు అని మరికొన్ని చెప్పేశాక. ఆ జవాబు అందేసరికి తల్లి బొత్తాం కుట్టటంలోకి పోయింది. పిల్లది విననుకూడా వినలేదు.

ఈ ఆలస్యాన్ని నేను ఎన్నివేలసార్లు చూశానో లెక్కలేదు. తరగతిలో ప్రశ్న వేస్తాం. పిల్లవాడి మొహంలో జవాబు బయల్దేరుతుంది. అది పెదవుల దాకా వచ్చేలోపల "నీకు రాదు, కూర్చో" అని పక్కవాణ్ణి లేపుతాం. నలభై అయిదు నిమిషాల పీరియడు, అరవైమంది పిల్లలు, పూర్తిచెయ్యవలసిన సిలబసు. ఆంటిగువా తల్లి పరిస్థితి ఇంతకంటే మేలేం కాదు. ఆమె చెప్పేవాటిలో సగం బతుకుతెరువు విద్యలు. చేప పట్టటం, జలుబుకు మందు కాయటం, అక్కర్లేని కడుపు పోగొట్టుకోవటం, ఉన్నదాంట్లో గడుపుకోవటం. వీటిలో ఒకటి తప్పితే పేదింటి పిల్ల ఏమవుతుందో ఆమె ఎరుగును. దొరల మర్యాదలను ఇంట్లోకి మోసుకొచ్చిందని ఆమెను నిందించటం తేలిక. మోసుకొచ్చింది, నిజమే. కాని వినటానికి తీరిక కావాలి. కష్టజీవుల దగ్గరనించి యజమానులు తీసుకుపోయినవాటిలో ఈ తీరిక కూడా ఉంది. మా పాలమూరు అమ్మాయికి ఈ మాట ఆ రోజే చెప్పి ఉండవలసింది.

ఇది చెబితే ఆమె ఊరుకునేదనీ అనుకోను. తీరికే అయితే, తీరికున్న ఇళ్లలో పిల్లలు మాట్లాడాలి గదా. ఆలివ్ సీనియర్ 'బ్రైట్ థర్స్‌డేస్' కథలో లారా అనే పిల్ల ఉంది. తల్లి నల్లది, బీదది. తండ్రి లేతరంగు పెద్దింటి కొడుకు. పెళ్లి కాలేదు. పిల్ల బాగుపడాలని తల్లి ఆమెను తండ్రివైపు తాతా నాయనమ్మల ఇంటికి పంపుతుంది. కావలసినంత తీరిక ఉన్న ఇల్లది. అక్కడ పొడుగాటి భోజనాలబల్ల దగ్గర లారాకు ముద్ద దిగదు. వాళ్ల మధ్య తన చోటు ఏదో తెలియనప్పుడు ఏ మాట అనాలో ఎలా తెలుస్తుంది? అమెరికానించి తండ్రి వస్తే, ఇన్నాళ్లూ ఎదురుచూసిన పిల్ల అతని నోట వినేది ఒక తిట్టు. తీరిక ఉన్నచోట రంగూ, పుట్టుకా అడ్డొచ్చాయి. సంపుటికి పేరిచ్చిన కథలో ఇంటికొచ్చే అతిథివల్ల కుర్రవాడికి అపాయమని పాఠకుడికి తెలుస్తూ ఉంటుంది. కుర్రవాడి దగ్గర ఆ అపాయానికి పేరు లేదు, పెద్దవాళ్లు పేరు నేర్పలేదు. ఇక నోరు మూతపడని బెకా అనే పిల్ల కథ కూడా ఉన్నది. దేవదూతలు బాడీలు తొడుక్కుంటారా అని చర్చి పెద్దనే అడిగి ఇంటిల్లిపాదినీ హడలగొడుతుంది. అందరం పడిపడి నవ్వాం. కాని ఆ పిల్ల సంగతి కూడా అంతే, అడిగినదానికి జవాబు దొరకదు.

తెల్లవాళ్ల బిడ్డలకు ఈ బాధ లేదనుకుంటే అదీ పొరపాటే. డొమినికాలో పుట్టిన జీన్ రిస్ 1960లో అచ్చువేసిన 'ద డే దే బర్న్‌డ్ ద బుక్స్' కథలో ఎడ్డీ తండ్రి ఇంగ్లీషువాడు, తల్లి స్థానికురాలు, రంగుగలది. తండ్రి తాగి ఆమెను నలుగురిలో అవమానిస్తాడు; అతను పోయాక ఆమె అతని పుస్తకాలు తగలబెడుతుంది. ఎడ్డీకి ఆ పుస్తకాలంటే ప్రాణం. అయినా ఇంగ్లండువి ఏవైనా గొప్పవే అనుకునే స్నేహితురాలితో, తనకు స్ట్రాబెరీలు ఇష్టంలేదని మెల్లిగా అనగలిగినవాడు వాడొక్కడే. పుస్తకాలు కావాలి, ఆ పుస్తకాల వెనకున్న పెత్తనం వద్దు. ఈ రెండూ కలిపి ఒక్క వాక్యంలో చెప్పటం మన పెద్దలకే చేతకాలేదు. వాడు ఏడుస్తూ మంటల పాలుకాబోయే ఒక పుస్తకం లాక్కుని పరిగెత్తుతాడు. అదేమిటయ్యా అంటే కిప్లింగు రాసిన 'కిమ్'!

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఇబ్బందిపెట్టింది హైతీ కథ. ఎడ్విజ్ దాంతికా 'క్రిక్? క్రాక్!' సంపుటి 1995లో వచ్చింది. అందులో 'ఎ వాల్ ఆఫ్ ఫైర్ రైజింగ్' అనే కథ. గై, లిలి అనే దంపతులు, వాళ్లకొక చిన్న కొడుకు. గైకి స్థిరమైన పని లేదు. చక్కెర మిల్లులో పాయిఖానాలు కడిగే పని కొద్ది గంటలు దొరికితే అదే పండగ. కొడుకు పేరు ఇప్పటినించే మిల్లు జాబితాలో రాయిద్దామంటాడు, పెద్దయ్యేసరికి పని దొరుకుతుందని, భార్య ఒప్పుకోదు. ఆ కుర్రవాడికి బడి నాటకంలో బూక్‌మాన్ వేషమిచ్చారు. 1791లో హైతీ బానిసల తిరుగుబాటుకు నాంది పలికిన వీరుడు బూక్‌మాన్. కుర్రవాడు ఆ ప్రసంగం బట్టీపట్టి గుడిసెలో వినిపిస్తుంటే తలిదండ్రులు పొంగిపోతారు. ఒక చిక్కు మాత్రం ఉంది. ఆ ప్రసంగం బూక్‌మాన్ అన్నమాటల్లా ఉండదు. ఎవరో యూరపు మనిషి రాసిపెట్టిన బరువైన వాక్యాలవి. రచయిత్రి ఆ సంగతి దాచదు. తిరుగుబాటు కూడా బళ్లోకి వచ్చేసరికి దొర వేషం వేసుకునే వచ్చింది.

మిల్లు యజమానులకొక గాలిబుడగ వాహనం ఉంది. గై కళ్లెప్పుడూ దానిమీదే. ఒకరోజు దాన్నెక్కి పైకి లేస్తాడు, జనం చూస్తూండగా అందులోనించి కిందపడి చచ్చిపోతాడు. తండ్రి శవం పక్కన నిలబడి కుర్రవాడు ఏమన్నాడు? బూక్‌మాన్ ప్రసంగం చెప్పాడు, బట్టీపట్టింది పట్టినట్టు.

ఈ ముగింపు మీద మా ఆదివారం సభలో పెద్ద తగాదా అయింది. బానిసవీరుడి మాటలు పేదవాడి కొడుకు నోట తిరిగి ప్రాణం పోసుకున్నాయని ఒక యువమిత్రుడు ఆవేశంగా అన్నాడు. నాకూ అలా అనాలనే ఉంది. కాని ఏడేళ్ల పిల్లవాడికి నాన్న పోయినప్పుడు తన మాట ఒక్కటి లేకపోవటాన్ని విజయమని నేననలేను. వాడికి ఉన్న పెద్దమాటలు అవి మాత్రమే, వాటితోనే ఏడ్చాడు. అవి ఎవరు రాసినవైనా ఆ క్షణంలో వాడివే అయ్యాయని ఒక టీచరమ్మ అన్నది. నా వాదం చివర ఆ మాట దగ్గరే ఆగిపోయింది. నా ఎనిమిదో తరగతి కుర్రవాడికి అలాంటి ప్రసంగం కూడా లేదు. వాడిది నాలుగు మాటల వాక్యం. అచ్చంగా వాడిదే, దాన్ని నేనే దిద్దాను.

పిల్లల మనసులను ఇంతగా తవ్వటం మధ్యతరగతి విలాసమనీ, మన పత్రికలకు అంతకంటే జరూరు పనులున్నాయనీ ఒక పాత మిత్రుడు ఎత్తిపొడిచాడు. గై కొడుకు పేరు మిల్లు జాబితాలో ఎక్కాలా వద్దా అన్నది విలాసం కాదని మాత్రం ఆయనకు చెప్పాను. ఆ కథ చదవమని ఇచ్చాను. ఇంకా తిరిగివ్వలేదు.

మా పాలమూరు అమ్మాయి ఇప్పుడు 'బాలడ్'ను తెలుగు చేస్తున్నది. ఏ తెలుగులో అన్నది మొదటినించీ పేచీ. తను వాళ్ల ఊరి తెలుగులోనే చేస్తానంది. అన్ని జిల్లాలవాళ్లకూ తెలియాలి గదమ్మా అన్నాను. "జమైకా మాట మీకు తెలిసింది గదా మాస్టారూ, నా మాట ఎందుకు తెలవది?" అన్నది. మొదటి ఎనిమిది పేజీలు ఇచ్చి చూడమంది. అలవాటుకొద్దీ పెన్ను తీశాను. రెండో వాక్యంలో, మిస్ రిల్లా చనిపోవటాన్ని గురించి ఆమె రాసినచోట, అంచున నా మాటల్లో ఒక వాక్యం రాసి, బాగుంటుందేమో చూడమన్నాను. చూసింది. బాగాలేదన్నది. నేను రాసింది కొట్టేసి తనది తను ఉంచుకుంది. మిగతా పేజీలు వచ్చే ఆదివారం చదివి వినిపిస్తుంది.